గొలుసుల మేస్త్రి ఆపమన్నారు

గొలుసుల మేస్త్రి పోయారన్న సంగతి నాకు పాలవాడు చెప్పాడు. మలంచా రోడ్డు మీద నా ఇంటి ముందు సైకిలు ఆపి, గిన్నెలో పాలు పోస్తూ, "చేన్ మిస్త్రీ మారా గేఛేన్, దాదా" అన్నాడు. గిన్నె లోపల పెట్టి, చొక్కా వేసుకుని బయలుదేరాను. దారంతా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పెద్దాయన పోయిన రోజున కోపమేమిటని మీరు అడగవచ్చు. ఎవరి మీద, ఎందుకన్నది ఒక్కొక్కటిగా చెబుతాను. అందులో కొంత నా మీదే.

నేను వెళ్లేసరికి ఆయన్ని వసారాలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. వాళ్లావిడ పక్కనే గోడకి చేరబడి కూర్చుని ఉంది. అక్కలాంటిదని ఆవిడని నేను అప్పా అని పిలుస్తాను.

"టీ తాగినారు తమ్ముడా. గలాసు కింద ఎట్టినారు. మరి నేవనేదు" అంది.

చాప అంచు సర్ది, "ఆ కాయితం ఇంకా అలగే ఉన్నాదేటి?" అని అడిగింది.

ఏ కాగితమో నేను అడగనక్కర్లేదు. ఉందన్నాను.

"ఆపమన్నాడని ఒక్కడూ సెప్పనేదు. ఆయన ఆపమన్నాడు తమ్ముడా. నాకు తెల్సు, నీకు తెల్సు. ఇంకెవులికి తెల్సు?" అంది.

ఆ ప్రశ్నకి జవాబుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చదివినవాళ్లందరికీ తెలియాలి.

మా కార్ఖానా పేరు రాయను. ఖరగ్‌పూర్‌లో రైల్వే వాళ్ల పెద్ద వర్క్‌షాపు గురించి అందరికీ తెలుసు. మాది అది కాదు. రైలు డబ్బాల కింద ఉండే ఉక్కు చట్రాలను తెచ్చి, మరమ్మతు చేసి పంపే ప్రైవేటు కార్ఖానా. మేస్త్రి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో పనిచేశాడు. ఈయన పని నేర్చుకున్నది ఆ తండ్రి దగ్గరే, బతికింది మాత్రం మా దగ్గర. నేను ఆఫీసులో గుమస్తాని. వచ్చిన కాగితానికి ముద్ర వేసి ఫైల్లో పెట్టడం, తెలుగువాళ్లకి ఇంగ్లీషు ముక్క కావాల్సి వస్తే రాసిపెట్టడం నా పని.

ఆయన పని గొలుసులు. టన్నుల బరువున్న చట్రాన్ని క్రేను ఎత్తాలంటే దానికి గొలుసులు చుట్టాలి. ఆ గొలుసుల్లో ఏది మంచిది, ఏది కాదు అని తేల్చేది మా కార్ఖానా మొత్తం మీద ఆయన ఒక్కరే. సైరనుకి అరగంట ముందే వచ్చి, ఒక్కో గొలుసునీ కిరసనాయిలు తొట్టిలో ముంచి తీసి, పొడిగా తుడిచి, దాని మీద తడిసుద్ద పూసి ఆరనిచ్చేవారు. తర్వాత చిన్న సుత్తితో ప్రతి కడియాన్నీ కొట్టేవారు. కడియం గట్టిదైతే సుద్ద తెల్లగానే ఉంటుంది. పగులు ఉంటే లోపల దాక్కున్న నూనె బయటికి ఊరి, సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత పడుతుంది. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. చేతులకి కిరసనాయిలు ఉందని, సాయంత్రం గేటు దగ్గర సబ్బుతో కడుక్కునేదాకా దాన్ని ముట్టించేవారు కాదు. సాయంత్రానికి ఆ బీడీ చెమటకి మెత్తబడి సగంసార్లు అంటుకునేది కాదు. మేం నవ్వేవాళ్లం.

కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి, "ఈ గొలుసు బాగానే ఉంది కదండీ" అన్నాను, తెలిసినవాడిలా.

"బాగున్నాదని సెప్పకు గుమస్తా బాబూ. ఏ పూట సూసినావో సెప్పు" అన్నారు.

నేను దాన్ని చూడనేలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

ఆయన దగ్గర అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ నడుం వాలిస్తే, ఆయన ఆ పుస్తకం పట్టుకుని షెడ్డంతా తిరిగేవారు. పేజీకి రెండు నిలువు గీతలు గీసి మూడు గళ్లు చేసుకున్నారు. మొదటి గడిలో ఏముంది, రెండో గడిలో ఏమవ్వొచ్చు, మూడో గడిలో ఎవడి మీద పడుద్ది. రంగు డబ్బాల పక్కన టీ కాచేవాడి పొయ్యి. కాలవ మీద కదిలే రేకు. జనం తోసుకుంటే లోపలికి తప్ప బయటికి తెరుచుకోని తలుపు. మోగని క్రేను గంట. అంతా తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో. మూడో గడి నింపకుండా ఆయన పేజీ తిప్పేవారు కాదు. 'ఎవరో ఒకరి మీద' అని రాస్తే కుదరదు. రోజూ ఆ టైముకి అక్కడ నిలబడేవాడెవడో కనుక్కుని వాడి పేరే రాసేవారు.

కుర్రకారు ఆయనకి పంచాంగం అని పేరు పెట్టారు. పుస్తకం కనబడగానే "పంచాంగం వొచ్చేసినాది, మూర్తం సూడండ్రా" అని ఎగతాళి. ఫోర్‌మన్‌కైతే ఆ పుస్తకమంటే ఒళ్లు మంట. "ఇన్నేళ్లలో ఏమైంది మిస్త్రీ? కుఛ్ నహీ హువా" అనేవాడు.

"అవనేదు సార్. జాగర్త వల్ల అవనేదా, అదురుష్టం వల్ల అవనేదా? అది తేల్సండి ముందు" అని ఈయన జవాబు. హిందీలో చెప్పబోయి, సగం తెలుగులోనే చెప్పేవారు. ఫోర్‌మన్ చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. నేర్చుకోవాల్సినవాడికి చెవులు లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

పగుళ్లు తేలిన గొలుసుల్ని ఆయన వెనక గోడకి విడిగా వేలాడదీసి, ఇనుప తీగతో కట్టేసేవారు. వాటిని ముక్కలు చేసి తుక్కులో వెయ్యమని నాచేత ఎన్నిసార్లు రాయించారో. కోతకి పై ఆఫీసు సంతకం కావాలి, అది వచ్చేది కాదు. అవి అలా గోడకే ఉండిపోయాయి.

నిమాయి గురించి చెప్పాలి. సాలువా వైపు పల్లె నుంచి రోజూ సైకిలు మీద వచ్చే ఖలాసీ. గొలుసు తగిలించడం, క్రేను ఎత్తిన లోడు ఊగకుండా చేత్తో పట్టుకుని నడిపించడం వాడి పని. మధ్యాహ్నం మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, ఆవనూనె చుక్క వేసి, ముందు మేస్త్రికి ఒక గుప్పెడు పెట్టి గానీ తినేవాడు కాదు. మేస్త్రికి ఆవనూనె వాసన గిట్టదు. అయినా తినేవారు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఇక్కడి కార్ఖానాల్లో అంతకంటే పెద్ద పండగ లేదు. ఆ రోజు యంత్రం ఆగుతుంది, ఆకాశం నిండా గాలిపటాలు, షెడ్డులో ఏనుగు మీద దేవుడు. సుత్తి, రెంచి, బోల్టు, అన్నీ కడిగి రంగేసి ఆయన ముందు పెట్టాలి. ఏ పనిముట్టూ పూజకి దూరంగా ఉండకూడదు. మంచి గొలుసులన్నింటికీ నల్లరంగు కొట్టి దేవుడి చుట్టూ తోరణాల్లా కట్టారు. అప్పుడు నిమాయి వెనక గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మిస్త్రీ దా, ఇవీ ఇన్నేళ్లు బరువు మోశాయి కదా. వీటికీ ఒక పువ్వు పెడదాం" అన్నాడు, హిందీలో.

మేస్త్రి వద్దన్నారు. నిమాయి మళ్లీ అడిగాడు. తక్కిన ఖలాసీలూ అడిగారు. ఆయన మెత్తబడ్డారు. తీగ తానే విప్పారు. "ఈ పక్కన ఏరే ఎట్టండి. రేపు పొద్దున నానే తీసి కడతాను" అన్నారు. ఆ చెడ్డ గొలుసులకి కూడా రంగు పడింది, బొట్టు పడింది. అక్కడ మేస్త్రి తప్పు ఉంది. తన తప్పు కాదని ఆయన కూడా చివరిదాకా అనలేదు, నేనూ దాచను. కానీ ఆ తప్పు దిద్దుకోవడానికి ఆయనకి ఒక్క పూట కావాల్సి వచ్చింది, అంతే.

ఆ పూట ఇవ్వలేదు. లోడు తొందరగా పంపాలని ఫోర్‌మన్ ఆ రాత్రే పూజ పందిరి పీకించాడు. మర్నాడు మేస్త్రి ఎప్పటిలా సైరనుకి అరగంట ముందు వచ్చేసరికే గొలుసులన్నీ ఒకే కొక్కేల వరసన వేలాడుతున్నాయి. అన్నీ నలుపు, అన్నీ కొత్త రంగు. ఏది మంచిదో ఏది చెడ్డదో కంటికి తెలిసే దారి లేదు. రంగు పగుళ్లలోకి దిగిపోయింది కాబట్టి ముందు దాన్ని గీకి, ఆ తర్వాత సుద్ద పెట్టి చూడాలి.

నేను ఆఫీసు తలుపు తీయగానే ఆయన పరుగున నా బల్ల దగ్గరికి వచ్చారు. అలా రొప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"రాయి బాబూ. పూజ గొలుసులు కలిసిపోనాయి. ఒక్కోటీ నాను సూసినదాకా క్రేను ఆపమని రాయి. ఏగిరం రాయి."

ఇంగ్లీషులో రాశాను. రెండు వాక్యాలు. ఆయన కింద తెలుగులో సంతకం పెట్టారు. ముద్ర వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి, నేనే తీసుకెళ్లి ఫోర్‌మన్ చేతిలో పెట్టాను. అతను చదివాడు. మళ్లీ చెబుతున్నాను, చదివాడు. "దో ఘంటే బాద్" అని, రెండు గంటలయ్యాక చూద్దామన్నట్టు పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. నేను సరేనని తిరిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఫోర్‌మన్ ఆపలేదని మేస్త్రికి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. షెడ్డు యాభై అడుగుల దూరం కూడా లేదు. చెప్పలేదు.

కాగితం వెళ్లింది కాబట్టి పని ఆగుతుందనుకుని ఆయన వరసకి ఈ చివర కూర్చుని రంగు గీకుతున్నారు. ఆ చివర ఖలాసీలు గొలుసు తీసుకున్నారు. క్రేను కదిలిన చప్పుడు విని ఆయన లేచి, కిరసనాయిలు చేతులతోనే పరిగెత్తారు. "నిమాయ్! ఆపండ్రా! రోకో!" అని ఆయన అరిచిన అరుపు ఆఫీసులో ఉన్న నాకు వినబడింది. ఆ వెంటనే చట్రం నేల మీద పడిన చప్పుడు వినబడింది. నిమాయి దాని కింద ఉన్నాడు.

తక్కిన వివరాలు రాయను. వాడి సైకిలు రెండు వారాలు స్టాండులోనే ఉంది.

విచారణ అన్నారు. కలకత్తా ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పక్కన మేనేజరు, ఇటు ఫోర్‌మన్. గొలుసులకి బాధ్యుడెవరు? మేస్త్రి. పని ఆపమని ఎవరైనా చెప్పారా? షెడ్డులో నలభై మంది ఉన్నారు, ఆ అరుపు ఒక్కడికీ వినబడలేదట. అందరికీ ఆ రోజు చెవుడు వచ్చింది. మేస్త్రి తన పుస్తకం బల్ల మీద పెట్టారు. కలకత్తా ఆయన దాన్ని తిరగేసి, ఇది ఏ భాష అని అడిగాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వు చదవగలవా?"

చదవగలను. అందులో ప్రతి పేజీ నేను చదివిందే. చేతిరాత సరిగా తెలియడం లేదు సార్ అన్నాను.

"ఆ రోజు పొద్దున ఈయన దగ్గర్నుంచి కాగితం ఏదైనా వచ్చిందా?"

ఫోర్‌మన్ నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం అతనికి లేదు. ముందు రోజు సాయంత్రమే, నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కదా అని నవ్వుతూ అడిగి వెళ్లాడు. రిజిస్టర్‌లో ఆ పేజీ అప్పటికే లేదు.

గుర్తులేదు సార్ అన్నాను.

నా చేత్తో రాసిన కాగితం. నేను వేసిన ముద్ర. గుర్తులేదన్నాను. తప్పంతా మేస్త్రిదని, పని ఆపమని ఎవరూ చెప్పలేదని రాశారు. అప్ప అడిగిన కాగితం అదే, ఇప్పటికీ ఫైల్లో ఉంది. నిమాయి అడిగితేనే తీగ విప్పానని ఒక్క మాట అంటే కొంత బరువు తగ్గేది. ఆయన అనలేదు. పోయినోడి మీద నానేటీ ఎయ్యను అన్నారట తర్వాత, ఇంట్లో.

వారం ఆగి వాళ్లింటికి వెళ్లాను. తిడతారని వెళ్లాను, తిడితే బాగుండుననే వెళ్లాను. అప్ప టీ ఇచ్చింది. ఆయన ఎప్పటిలాగే, "కూకో గుమస్తా బాబూ" అన్నారు. నేను ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. కొత్త పేజీ. మొదటి గడిలో 'తెలిసినోడు సెప్పకపోడం' అని రాసి ఉంది. రెండో గడిలో 'మనిషి పోతాడు, మల్లీ పోతాడు'. మూడో గడి ఖాళీగా ఉంది.

"ఇది ఎవుడి మీద పడుద్దో నాకు తోసనేదు. నీకు తోత్తే రాయి" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. నేను రాయలేదు. టీ తాగి వచ్చేశాను. తర్వాత నెలలో నన్ను పర్మనెంటు చేశారు.

మేస్త్రి చేతిలో సుత్తి లాక్కుని, గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. గొలుసులు చూసే పని ఎవరికీ ఇవ్వలేదు, ఎవరి వీలునిబట్టి వాళ్లు చూసుకోమన్నారు. మిగిలిన ఉద్యోగమంతా ఆయన గేటు తీసి, గేటు వేశారు. అయినా లోపలికొచ్చే లారీల తాళ్లు లాగి చూసేవారు. కొందరు ఖలాసీలు సందేహం ఉన్న గొలుసుని గోనెసంచిలో చుట్టి, టీ టైములో దొంగసరుకులా గేటు దగ్గరికి తెచ్చేవారు. ఆయన గోరుతో తడిమి చూసి తల ఊపడమో అడ్డంగా ఆడించడమో చేసేవారు. ఆ తర్వాత పెద్ద ప్రమాదం జరగలేదు. దానికి కారణం ఆ గేటు దగ్గరి గోరు. మేనేజర్ల గదుల్లో మాత్రం వాళ్ల దక్షత అని చెప్పుకున్నారు. వింటూ కూర్చుని, అవే మాటలు టైపు కొట్టినవాణ్ని నేనే.

పోయిన శనివారం కార్ఖానాలో సంతాప సభ పెట్టారు. అప్పటి ఫోర్‌మనే ఇప్పుడు మేనేజరు. అప్ప రానంది. "నాను రాను తమ్ముడా. ఆల నోట ఆయన పేరు ఇననేను" అంది. నేను వెళ్లాను. అన్నం బెల్లు కొట్టాక, అందరికీ చోటు చాలుతుందని షెడ్డు మధ్యలో సభ. కుర్చీలో మేస్త్రి ఫోటో, బంతిపూల దండ. మేనేజరు మాట్లాడాడు. మన కార్ఖానా భద్రతకి ఆయన జీవితం ధారపోశాడన్నాడు. ఆయన చూపిన దారిలోనే నడుస్తున్నామన్నాడు. గొంతు కూడా కొంచెం వణికించాడు. తర్వాత రెండు నిమిషాలు మౌనం అన్నాడు.

అందరూ తలలు దించారు. నాకు ఆ కోపంలో తల వంగలేదు. కళ్లు మూసుకోలేక పైకి చూశాను.

మా నెత్తి మీద చట్రం వేలాడుతోంది. బెల్లు కొట్టగానే క్రేను డ్రైవరు ఎత్తిన లోడు ఎత్తినట్టే వదిలి దిగిపోయాడు. రెండు గొలుసుల మీద అంత బరువూ అలాగే ఆగి ఉంది. దాని కింద నూటయాభై మంది, కళ్లు మూసుకుని.

"పక్కకి రండ్రా! హఠో! నెత్తి మీద లోడు ఉన్నాది, హఠో!" అని అరిచాను. నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు.

జనం పైకి చూసి ఒక్కసారిగా గోడలవైపు చెదిరారు. మేనేజరు కళ్లు తెరిచి, కనుబొమలు ముడిచి, రెండు నిమిషాలు కాలేదన్నాడు.

"కాలేదు సాబ్. ముందు ఇటు రండి" అన్నాను.

వచ్చాడు. రాక ఏం చేస్తాడు? అతను నా పక్కన నిలబడ్డాక, అందరూ వినేలా హిందీలోనే చెప్పాను. పూజ మర్నాడు పొద్దున మేస్త్రి క్రేను ఆపమన్నారు. ఆ కాగితం నేనే రాశాను. మీ చేతికే ఇచ్చాను. మీరు చదివి పక్కన పెట్టారు. విచారణలో నేను అబద్ధమాడాను.

మేనేజరు నన్ను చూడకుండా గేటు వైపు చూస్తున్నాడు. సోమవారం నాకేమవుతుందో అప్పటికే తెలిసింది, దాని గురించి ఇక్కడ రాయను.

అప్పుడు అందరం ఒకేసారి గమనించాం. మేం పక్కకి వచ్చేశాం, ఫోటో రాలేదు. ఖాళీ అయిన నేల మధ్యలో, ఆ బరువు కింద, కుర్చీలో దండతో ఆయన ఒక్కరే ఉన్నారు. ఒక ఖలాసీ నాలుక్కరుచుకుని దాని కోసం పరిగెత్తబోతే చొక్కా పట్టుకుని లాగాను.

"ఆగరా. ముందు లోడు తియ్యనీ" అన్నాను.

డ్రైవరు నిచ్చెన ఎక్కాడు. మేమంతా గోడలకి ఆనుకుని, వలయంగా నిలబడి చూస్తున్నాం. క్రేను కిర్రుమంది. చట్రం నీడ కుర్చీ మీద నుంచి అంగుళం అంగుళంగా జరగసాగింది.